ఇంటికి కావలి: బస్రా, మోసుల్ నగరాలు నేర్పిన పాఠం

మట్టిగోడల కాలంలో దొంగ తలుపు దారిన వచ్చేవాడు కాదు. చీకటి పడ్డాక ఇంటి వెనుకకు చేరి, గునపంతో గోడను తొలిచి, మనిషి దూరేటంత రంధ్రం చేసుకుని లోపలికి పోయేవాడు. తెలుగువారు దీన్ని కన్నం వేయడం అన్నారు. అరబ్బీలో దీనికి ‘నఖ్బ్’ అని పేరు. ఉర్దూలో ఇంటిదొంగతనానికి వాడే ‘నఖబ్‌జనీ’ అన్న మాట ఈ అరబ్బీ పదం నుండే పుట్టింది. అరబ్బుల చరిత్ర గ్రంథాలలోను, ఫిఖహ్ గ్రంథాలలోను ఈ నఖ్బ్ ప్రస్తావన పదే పదే వస్తుంది. కారణం స్పష్టమే. గోడకు కన్నం పడిన ఇంట్లో పోయేది సొమ్ము మాత్రమే కాదు. ఆ ఇంటివారి నిద్ర పోతుంది, ధైర్యం పోతుంది, పాలకునిపై ఉన్న నమ్మకం పోతుంది.

కనుక దొంగల బారినుండి ఇళ్ళను కాపాడడం ప్రతి పాలకునికీ మొదటి పరీక్ష అయింది. అయితే ఈ పరీక్షలో మరో ప్రశ్న దాగి ఉంది. ఇంటిని కాపాడే పేరిట పాలకుడు ఎంత దూరం పోవచ్చు? అనుమానం మీద పట్టుకోవచ్చునా? కొట్టి ఒప్పించవచ్చునా? దొంగను వెదకుతూ నిర్దోషి ఇంటి గోడ దూకవచ్చునా? హిజ్రీ మొదటి శతాబ్దంలోనే రెండు నగరాలు ఈ ప్రశ్నకు రెండు భిన్నమైన జవాబులు చూశాయి. ఒకటి బస్రా, రెండవది మోసుల్. ఆ జవాబులను తూచడానికి ముందు ఇంటిని గురించి ఇస్లాం ఏమి నిర్దేశించిందో చూడవలసి ఉంది.

ఇంటి గౌరవం

దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా (24:27-29) పరుల ఇళ్ళలోకి అనుమతి పొందనిదే, ఇంటివారికి సలాం చేయనిదే ప్రవేశించరాదని విశ్వాసులను ఆదేశించింది. ఇంట్లో ఎవరూ లేకున్నా అనుమతి లేనిదే అడుగు పెట్టరాదు, తిరిగిపొమ్మంటే తిరిగిపోవాలి. బఖరా సూరా (2:189) ఇళ్ళలోకి వాకిళ్ళగుండానే రావాలని చెప్పింది. హుజురాత్ సూరా (49:12) ఇతరుల గుట్టు కూపీ తీయడాన్ని నిషేధించింది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) గదిలోకి ఒక వ్యక్తి రంధ్రంగుండా తొంగిచూసినప్పుడు ఆయన తీవ్రంగా మందలించి, అనుమతి కోరాలన్న నియమం ఏర్పడిందే చూపు కారణంగా అని వివరించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. అంటే చేయి వేసి సొమ్ము తీయడమే కాదు, కన్ను వేసి మరుగును దోచడం కూడా ఇంటిమీద దాడియే.

ఇంటిని కాపాడుకునే బాధ్యత మొదట ఇంటివారిదే. రాత్రి కాగానే అల్లాహ్ నామం స్మరించి తలుపులు మూయాలని, పాత్రలపై మూతలు పెట్టాలని, నీటితిత్తుల మూతులు కట్టాలని, దీపాలు ఆర్పాలని ప్రవక్త (స) బోధించిన హదీసు ప్రసిద్ధం. తన సొమ్మును కాపాడుకుంటూ హతుడైనవాడు షహీద్ అని మరో హదీసు తెలుపుతున్నది. రమజాను జకాత్ ధాన్యానికి కావలి ఉన్న హజ్రత్ అబూ హురైరా (రజి) వద్దకు మూడు రాత్రులు వరుసగా దొంగ వచ్చిన ఉదంతాన్ని బుఖారీ ఉల్లేఖించారు. ఆయతుల్ కుర్సీ పారాయణ విశిష్టతను తెలిపే ఉదంతంగా మన ఇళ్ళలో అది తరచు వినిపిస్తుంది. దానిలో మరో సంగతి కూడా గమనార్హం. ఆ మూడు రాత్రులూ కావలివాడు మేలుకొనే ఉన్నాడు. దుఆ కావలికి తోడే గాని బదులు కాదు.

ఫుఖహాల దృష్టిలో ‘హిర్జ్’

చౌర్యానికి నిర్ణయించిన హద్ శిక్ష అమలు కావాలంటే ధర్మశాస్త్రవేత్తలు అనేక షరతులు విధించారు. వాటిలో ముఖ్యమైనది ‘హిర్జ్’, అనగా సొమ్ము భద్రమైన చోట ఉండటం. హనఫీ ఫుఖహా దీన్ని రెండు విధాలుగా విభజించారు: స్థలం వలన కలిగే భద్రత, కావలి మనిషి వలన కలిగే భద్రత. ఇల్లు మొదటి దానికి ఉదాహరణ. రెండవ దానికి ఆధారం హజ్రత్ సఫ్వాన్ బిన్ ఉమయ్యా (రజి) ఉదంతం. ఆయన మస్జిదులో తన దుప్పటిని తలక్రింద పెట్టుకుని నిద్రిస్తుండగా ఒకడు దాన్ని దొంగిలించాడు. మస్జిదు అందరికీ తెరిచి ఉండే చోటు. అయినా యజమాని తలక్రింద ఉండటమే ఆ వస్త్రానికి భద్రత అయింది. దొంగను పట్టి తెచ్చాక శిక్ష సంగతి విని సఫ్వాన్ (రజి) అతణ్ణి క్షమించబోగా, ఆ పని తన వద్దకు తేకముందే చేసి ఉండవలసిందని ప్రవక్త (స) అన్నారు.

క్రీ.శ. 1197 (హి. 593)లో మరణించిన బుర్హానుద్దీన్ మర్గీనానీ తన ‘హిదాయా’లో ఈ చర్చను ఎంతో సూక్ష్మంగా నడిపారు. దొంగ గోడకు కన్నం వేసి, లోపలికి పోకుండా, చేయి మాత్రం చాపి వస్తువు తీస్తే ఏమి? లోపలికి పోయినవాడు బయట ఉన్నవానికి సొమ్ము అందిస్తే ఏమి? హిర్జ్ ఉల్లంఘన పూర్తి కాలేదన్న తర్కంతో ఇమాం అబూ హనీఫా (రహ్మ) ఈ సందర్భాలలో హద్ వర్తించదన్నారు. ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ మొదటి సందర్భంలో గురువుతో విభేదించారు. హద్ తప్పినంత మాత్రాన నేరం మాఫీ అయినట్లు కాదు. ఖాజీ విధించే తాజీర్ శిక్ష ఉండనే ఉంది. అతిథిగా పిలిస్తే వచ్చి దొంగిలించినవానికి కూడా హద్ లేదు. తలుపు తెరిచి లోపలికి రానిచ్చినప్పుడే ఆ ఇల్లు అతని విషయంలో హిర్జ్ కాకుండా పోయిందన్నారు.

ఇదే గ్రంథంలో మరొక మాట ఉంది. ఇంటికి తలుపు లేకపోయినా, ఉండి తెరిచి ఉన్నా, అది హిర్జే. ఇల్లు కట్టుకోవడమే భద్రత కోసం కదా అన్నది అక్కడి వాదన. షాఫయీ ఫుఖహా ఈ విషయంలో లోకాచారాన్ని చూసి, కావలి లేకుండా తెరిచిపెట్టిన ఇంటిని హిర్జ్‌గా అంగీకరించలేదు. రెండు వాదాలకూ బలం ఉంది. కాని హనఫీ వాదంలో ఒక పేదవాని పక్షపాతం కనిపిస్తుంది. ఇనుప తాళం కొనగలవాని భవంతికీ, తలుపు పెట్టించుకోలేని గుడిసెకూ ధర్మశాస్త్రం ముందు ఒకే గౌరవం లభించింది. బ్రిటిష్ వారి కాలంలో హిదాయాను మొదట పారసీలోకి, దాని నుండి ఇంగ్లీషులోకి మార్చారు. చార్లెస్ హామిల్టన్ చేసిన ఆ ఇంగ్లీషు అనువాదం 1791లో వెలువడి, ఈ దేశపు న్యాయస్థానాలలో చిరకాలం ప్రమాణంగా నిలిచింది.

హజ్రత్ ఉమర్ (రజి) రాత్రి గస్తీ

రాత్రివేళ వీధులు తిరిగి కావలి కాయడాన్ని అరబ్బీలో ‘అసస్’ అంటారు. ఈ పనికి హజ్రత్ ఉమర్ (రజి) పేరు చిరస్మరణీయమైంది. ఇబ్న్ సాద్ ఉల్లేఖించిన ఒక వృత్తాంతం ప్రకారం, మదీనా ఈద్గాహ్ వద్ద ఒక వర్తక బృందం వచ్చి దిగింది. ఆ రాత్రి వారి సొమ్మును దొంగలనుండి కాపాడుదామని ఉమర్ (రజి) అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గారిని తోడు పిలుచుకుని వెళ్ళారు. ఇద్దరూ నమాజులు చేస్తూ తెల్లవార్లూ కావలి ఉన్నారు. ఆ రాత్రే ఒక పసిబిడ్డ ఆగకుండా ఏడవడం విన్నారు. పాలు మాన్పించిన పిల్లలకే ఖలీఫా భత్యం ఇస్తున్నందున తల్లి తొందరపడి బిడ్డకు పాలు మాన్పిస్తున్నదని తెలిసింది. తెల్లవారిన తరువాత, పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఉంటుందని ఉమర్ (రజి) ప్రకటించారు. దొంగలకోసం మేలుకొన్న పాలకుని చెవిలో ఆకలి కేక పడింది. ఆయన దానికీ జవాబు చెప్పారు.

కరువు వచ్చిన ‘ఆముర్రమాదా’ సంవత్సరంలో (హి. 18, క్రీ.శ. 639) ఆయన చౌర్యానికి హద్ అమలు చేయలేదని ఉల్లేఖనాలు ఉన్నాయి. ఆకలికి ఒంటెను దొంగిలించి కోసుకు తిన్న బానిసల విషయంలో శిక్షను ఆపి, వారికి కడుపునిండా తిండి పెట్టని యజమానిచేత ఒంటె వెలకు రెట్టింపు కట్టించిన ఉదంతం ఇమాం మాలిక్ ‘మువత్తా’లో ఉంది.

గస్తీకి సంబంధించిన మరో కథను నీతిగ్రంథాలు చెబుతాయి. ఇమాం గజాలీ కూడా దాన్ని తన ‘ఇహ్యా’లో చేర్చారు. ఉమర్ (రజి) ఒక రాత్రి ఒక ఇంట్లో అనుమానాస్పదమైన సందడి విని గోడ ఎక్కి దిగి, పాపకార్యంలో ఉన్న మనిషిని పట్టుకున్నారు. అతడు తన తప్పు ఒప్పుకుంటూనే, తాను ఒక ఆజ్ఞ మీరితే ఖలీఫా మూడు మీరారని ఎత్తిచూపాడు: కూపీ తీశారు, వాకిలిగుండా రాలేదు, అనుమతి కోరలేదు. ఉమర్ (రజి) అతణ్ణి వదిలి వెనుదిరిగారు. ఈ కథను తరతరాల పండితులు ఎందుకు భద్రపరిచారో ఊహించడం కష్టం కాదు. కావలివాడు గోడ దూకితే, దూకిన మేరకు అతనికీ దొంగకూ తేడా చెరిగిపోతుంది.

బస్రా మార్గం

హి. 45 (క్రీ.శ. 665)లో అమీర్ ముఆవియా (రజి) జియాద్‌ను బస్రాకు పాలకునిగా పంపారు. అప్పటికి ఆ నగరం తెగల కలహాలతోను, రాత్రి దోపిడీలతోను అట్టుడుకుతున్నది. జియాద్ మింబర్ ఎక్కి, అల్లాహ్ స్తోత్రం కూడా చేయకుండానే ప్రసంగం ప్రారంభించాడట. అందుకే చరిత్రలో అది ‘ఖుత్బయె బత్రా’, అనగా మొండి ప్రసంగం అని పేరుపడింది. ఆ ప్రసంగంలో రెండు ప్రకటనలు ఉన్నాయి. ఎవరి ఇంటికైనా కన్నం పడితే పోయిన సొమ్ముకు తానే పూచీ అన్నాడు. కన్నం వేసినవాని గుండెకు కన్నం వేస్తానన్నాడు. ప్రజల ఇంటి సొమ్ముకు ప్రభుత్వం పూచీ పడటం సామాన్యమైన మాట కాదు. కాని దానికి చెల్లించిన మూల్యం ఏమిటి?

తబరీ ఇచ్చిన వివరాల ప్రకారం, ఇషా నమాజును ఆలస్యంగా చేయించి, ఆ తరువాత బఖరా సూరా చదివేటంత సేపు ఆగి, మనిషి ఊరి చివరకు చేరేటంత గడువిచ్చి, అటుపైన రక్షకదళాన్ని (షుర్తా) వీధులలోకి వదిలేవారు. ఆ వేళలో కనబడినవాని ప్రాణం దక్కదు. ఒక రాత్రి ఒక పల్లెవాసి పట్టుబడ్డాడు. పాడి ఒంటెను అమ్ముకోవడానికి వచ్చాననీ, చీకటి పడి ఒకచోట ఆగిపోయాననీ, అమీర్ ఆజ్ఞ సంగతి తనకు తెలియదనీ చెప్పుకున్నాడు. అతడు నిజమే చెబుతున్నాడని తాను నమ్ముతున్నట్లు జియాద్ అంగీకరించాడు. అయినా అతని చావులోనే ఉమ్మత్‌కు మేలు ఉందని చెప్పి చంపించాడు.

ఒకరి తప్పుకు మరొకరిని, రోగికి బదులు ఆరోగ్యవంతుణ్ణి పట్టుకుంటానని జియాద్ ఆ ప్రసంగంలోనే బెదిరించాడు. సభలో ఉన్న అబూ బిలాల్ మిర్దాస్ లేచి, ఒకరి భారాన్ని మరొకరు మోయరన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని గుర్తుచేశాడు. ఈ మిర్దాస్ ఖారిజీ వర్గానికి చెందినవాడు. కాని ఆ ఒక్క మాటలో సత్యం అతని వైపే ఉంది.

ఫలితం ఏమిటన్నది కూడా దాచకుండా చెప్పాలి. దారిలో జారిపడిన వస్తువును సొంతదారు వచ్చేవరకు ఎవరూ ముట్టుకునేవారు కారట. ఒంటరి స్త్రీ తలుపు వేయకుండానే నిద్రపోయేదట. దొంగల భయం పోయింది. ఆ స్థానంలో పాలకుని భయం వచ్చి కూర్చుంది. ఆ భద్రత ఎంతకాలం నిలిచింది? జియాద్ హి. 53లో మరణించాడు. కొంతకాలానికి అతని కొడుకు ఉబైదుల్లాహ్ బస్రా పాలకుడయ్యాడు. కర్బలా దురంతంతో ముడిపడిన ఆ పేరును ఏ ముస్లిమూ మరువలేడు. హి. 64 (క్రీ.శ. 683)లో యజీద్ మరణవార్త రాగానే బస్రా తిరగబడింది, ఉబైదుల్లాహ్ నగరం విడిచి పారిపోయాడు. భయంతో కట్టిన గోడ, భయపెట్టే చేయి బలహీనపడగానే కూలిపోయింది.

మోసుల్ మార్గం

ఇంచుమించు అర్ధశతాబ్దం తరువాత ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (హి. 99-101, క్రీ.శ. 717-720) యహ్యా గస్సానీని మోసుల్‌కు పాలకునిగా నియమించారు. యహ్యా అక్కడికి చేరి చూస్తే, దొంగతనాలలోను కన్నాలలోను ఆ నగరాన్ని మించినది లేదనిపించింది. ఆయన ఖలీఫాకు లేఖ వ్రాశారు. అనుమానం మీద మనుషులను పట్టుకుని, నింద పడినవారిని కొట్టి విచారించవలెనా, లేక సాక్ష్యాన్ని, సున్నత్‌ను అనుసరించవలెనా అన్నది ఆయన ప్రశ్న.

ఖలీఫా జవాబు క్లుప్తంగా వచ్చింది. సాక్ష్యం మీద, సున్నత్ మీదనే నడవాలి. సత్యం వారిని బాగుచేయలేకపోతే అల్లాహ్ వారిని బాగుచేయకుండు గాక అన్నది దాని సారాంశం. యహ్యా అలాగే చేశారు. తాను మోసుల్ విడిచివెళ్ళేనాటికి అది అన్నిటికంటె మంచి స్థితిలో ఉన్న పట్టణాలలో ఒకటి అయిందనీ, దొంగతనాలు, కన్నాలు చాలా తగ్గిపోయాయనీ ఆయనే చెప్పినట్లు సుయూతీ ‘తారీఖుల్ ఖులఫా’లో ఉంది.

ఇది ఒక పాలకుడు తన పాలనను గురించి తానే చెప్పిన మాట, లెక్కలు లేవు. చరిత్ర విద్యార్థి ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. అయినా ఈ వృత్తాంతం విలువ ఫలితంలో కంటె ప్రశ్నలోనే ఎక్కువగా ఉంది. దొంగలు పెచ్చుపెరిగిన ఊళ్ళో కూర్చున్న ఒక అధికారి, కొరడా ఎత్తే ముందు ఆగి, అది ధర్మమా అని అడిగాడు. నేరం ఎంత పెరిగినా రుజువు బరువు తగ్గదని ఖలీఫా జవాబిచ్చాడు. జియాద్‌కు ఎదురైన పరిస్థితే యహ్యాకూ ఎదురైంది. దారి మాత్రం మారింది.

ఖాజీలు, గ్రంథకర్తలు

తరువాతి కాలంలో ఈ రెండు మార్గాలూ పక్కపక్కనే సాగాయి. హారూన్ రషీద్ కోసం ‘కితాబుల్ ఖరాజ్’ వ్రాసిన ఖాజీ అబూ యూసుఫ్ (మరణం క్రీ.శ. 798, హి. 182) మోసుల్ మార్గాన్ని సమర్థించారు. కేవలం నింద మీద మనిషిని బంధించరాదనీ, కొట్టి రాబట్టిన ఒప్పుకోలు చెల్లదనీ స్పష్టం చేశారు. ఖైదీలు సంకెళ్ళతో వీధులలో బిచ్చమెత్తే దుస్థితిని ఖండించి, ఒక్కొక్కరికి నెలకు పది దిర్హములు బైతుల్ మాల్ నుండి ఇవ్వాలన్నారు. రొట్టెలుగా ఇస్తే కావలివారే వాటిని కాజేస్తారని ఆయన హెచ్చరించడం గమనార్హం. దొంగలకు కావలి కాసేవారికి కూడా కావలి అవసరమని ఆ ఖాజీకి తెలుసు.

క్రీ.శ. 1058లో మరణించిన మావర్దీ నాటికి బగ్దాద్ ‘అయ్యార్’ల ముఠాలతో అల్లాడుతున్నది. బుర్జుమీ అనే ముఠానాయకుడు 1030 ప్రాంతంలో సంపన్నుల ఇళ్ళను దోచి నగరాన్ని గడగడలాడించాడు. ఆ వాతావరణంలో మావర్దీ ఖాజీకి లేని కొన్ని అధికారాలను నేరవిచారణాధికారికి ఒప్పుకున్నారు. బలమైన అనుమానం ఉన్నప్పుడు మితమైన దండనకు కూడా తావిచ్చారు. అయితే ఒప్పుకోలు కోసమే కొట్టినప్పుడు ఆ ఒప్పుకోలుకు విలువ లేదన్న హద్దును ఆయన కూడా నిలిపారు. ఫుఖహా అందరూ ఏకకంఠంతో మాట్లాడారని చెప్పడం సరికాదు. 

తాళాలు, వాకిళ్ళు, ఇరుగుపొరుగు

పాలకులు మారినా ఇళ్ళు నిలిచినది ఎక్కువగా ఇరుగుపొరుగు బలంమీదనే. ముస్లిం నగరాలలో ఇళ్ళు పెద్ద వీధికి ముఖం పెట్టక, సందులలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. ఆ సందుల సముదాయాన్ని ‘దర్బ్’ అనీ ‘హారా’ అనీ పిలిచేవారు. సందు మొదట్లో ఒక పెద్ద వాకిలి. రాత్రి దాన్ని మూసి ద్వారపాలకుడు లోపల పడుకునేవాడు. 1836లో ఈజిప్టు ప్రజల ఆచార వ్యవహారాలను గురించి పుస్తకం ప్రకటించిన ఎడ్వర్డ్ లేన్ కైరోలో ఈ ఏర్పాటును స్వయంగా చూసి వర్ణించాడు. అక్కడి ఇళ్ళకు ‘దబ్బా’ అనే కొయ్యతాళం ఉండేది. గడియలోని రంధ్రాలలోకి చిన్న చీలలు పైనుండి జారిపడి దాన్ని కదలకుండా పట్టి ఉంచేవి. పళ్ళున్న కొయ్య తాళంచెవి ఆ చీలలను పైకెత్తితే గడియ జారేది. నేడు ఇంటింటా కనిపించే, అమెరికాలో యేల్ 1860 దశకంలో ప్రచారంలోకి తెచ్చిన ఇత్తడి తాళం సూత్రం కూడా ఇదే. ముస్లిం శిల్పులు ఇంతటితో ఆగలేదు. ఇస్‌ఫహాన్‌కు చెందిన ముహమ్మద్ బిన్ హామిద్ హి. 597 (క్రీ.శ. 1200-01)లో తాళంచెవితో పని లేకుండా, అక్షరాలు కలిపితే తెరుచుకునే తాళాన్ని తయారుచేశాడు; అది నేడు కోపెన్‌హేగన్ మ్యూజియంలో ఉంది. 1206లో పూర్తయిన అల్ జజరీ యంత్రగ్రంథంలోనూ ఇటువంటి తాళం వర్ణన ఉంది.

1798లో కైరోను ఆక్రమించిన ఫ్రెంచి సేన చేసిన మొదటి పనులలో ఒకటి ఈ హారాల వాకిళ్ళను ఊడదీయించడం. దీనితో ప్రజలలో కలిగిన భయాన్ని, పుట్టిన వదంతులను జబర్తీ తన చరిత్రలో నమోదు చేశాడు. సైన్యానికి అవి తిరుగుబాటుకు ఆటంకపు గోడలు. ఇంటివారికి అవి నిద్ర.

మన దేశంలో కొత్వాల్

హిందూస్తాన్‌లో ఈ బాధ్యత కొత్వాల్‌పై పడింది. అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో కొత్వాల్ విధులను వివరించాడు. ఇళ్ళ జాబితా వ్రాయాలి. కొన్ని ఇళ్ళను ఒక మొహల్లాగా చేర్చి దానికి ఒక పెద్దను నియమించాలి. ఇరుగుపొరుగు పరస్పరం సాయపడేటట్లు మాట తీసుకోవాలి. పరదేశులకు వేరుగా సరాయి ఏర్పరచాలి. దొంగనూ సొమ్మునూ పట్టుకోవాలి, లేదా నష్టానికి తానే పూచీ పడాలి. జియాద్ ప్రకటించిన పూచీయే ఇక్కడ తొమ్మిది శతాబ్దాల తరువాత ప్రభుత్వ నియమంగా కనిపిస్తుంది. అయితే మొహల్లా పెద్దకు కూడా తెలియకుండా ఒక రహస్య వేగును ఉంచాలని, ప్రజల రాబడి ఖర్చులపై కన్నువేయాలని కూడా ఆ గ్రంథం ఆదేశిస్తుంది. భద్రత చేయి చాపినచోటల్లా కూపీ నీడ కూడా వెంట వస్తుంది. ఈ భాగాన్ని ఇంగ్లీషు చేసిన జారెట్టే అంతకుముందు 1881లో సుయూతీ చరిత్రను కూడా ఇంగ్లీషు చేశాడు. అక్బరు కొత్వాలూ, మోసుల్ లేఖా ఒకే అనువాదకుని కలం కిందుగా సాగాయి.

తెలుగు పల్లెలలో ఈ పని తలారిది. పట్టణాలలో కొత్వాల్‌ది. హైదరాబాదుకు ప్రాకారం, దర్వాజాలు ఉన్న రోజులలో రాత్రి వాటిని మూసేవారు. వాటిలో దబీర్‌పురా, పురానాపుల్ దర్వాజాలు మిగిలి ఉన్నాయి. నిజాం రాజ్యంలో ఇరవయ్యవ శతాబ్దంలో కూడా నగర పోలీసు అధిపతి పేరు కొత్వాలే. 1920 నుండి 1934 వరకు ఆ పదవిలో ఉన్న రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పేరు నగరవాసులు ఇంకా తలుచుకుంటారు.

ఇక చట్టానికి వస్తే, 1872 నాటి సాక్ష్య చట్టం పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును నిందితునిపై రుజువుగా ఒప్పుకోలేదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఆ నియమాన్ని నిలబెట్టింది. దాని మూలాలు వేరు. కాని ఖాజీ అబూ యూసుఫ్ పన్నెండు శతాబ్దాల క్రిందట గుర్తించిన ప్రమాదమే దాని వెనుకా ఉంది.

ముగింపు

నేడు మట్టిగోడలు లేవు. సిమెంటు గోడలు, ఇనుప గ్రిల్లులు, వాకిట కెమెరాలు వచ్చాయి. తలుపు మూయమన్న ప్రవక్త (స) బోధలో వీటన్నిటికీ చోటు ఉంది. కాని కెమెరాను బిగించేటప్పుడు దాని కన్ను పొరుగింటి కిటికీలోకి పోతున్నదేమో చూసుకోవాలి. అనుమతి నియమం చూపు కోసమే ఏర్పడింది. మొహల్లాలో దొంగతనం జరిగినప్పుడు కొత్తగా వచ్చినవానినో పేదవానినో పట్టి కొట్టడానికి గుంపు లేచినప్పుడు, ఒంటె అమ్ముకోవడానికి వచ్చి బస్రాలో ప్రాణం పోగొట్టుకున్న ఆ పల్లెవాసిని గుర్తుచేసుకోవాలి. ఆకలిగొన్నవాడు పక్క సందులో ఉంటే తాళం ఒక్కటే చాలదని హజ్రత్ ఉమర్ (రజి) గస్తీ నేర్పింది.

ఇంటి గోడకు పడిన కన్నాన్ని మేస్త్రీ ఒక పూటలో పూడ్చగలడు. సాక్ష్యం లేకుండా మనిషిని శిక్షించినప్పుడు న్యాయానికి పడే కన్నాన్ని పూడ్చడానికి తరాలు పడుతుంది. ఆ కన్నంగుండా రేపు ఎవరి ఇంట్లోకైనా ఎవరైనా ప్రవేశించవచ్చు. మోసుల్ పాలకుడు అడిగిన ప్రశ్నను ప్రతి కావలివాడూ, ప్రతి ఇంటి యజమానీ కర్ర ఎత్తే ముందు తనను తాను అడుగుకోవలసి ఉంది.